రూపాయిలో 22 పైసలు మనవి, 17 పైసలు కంపెనీలవి

ఏటా బడ్జెట్ పత్రాల్లో ఒక గుండ్రటి బొమ్మ ఉంటుంది, ప్రభుత్వానికి రూపాయి ఎక్కడెక్కడి నుంచి వస్తుందో పైసల్లో చూపిస్తారు. లక్షల కోట్ల అంకెలు చూస్తే కళ్లు తిరిగే నాలాంటి వాళ్లకి ఆ బొమ్మే దిక్కు. 2019-20 బొమ్మలో కంపెనీలు కట్టే కార్పొరేషన్ ట్యాక్స్ 21 పైసలు, ఆదాయపు పన్ను 16 పైసలు. 2025-26 బొమ్మలో కార్పొరేషన్ ట్యాక్స్ 17, ఆదాయపు పన్ను 22. మధ్యలో గడిచింది ఆరేళ్లు. ఇకనుంచి కంపెనీల కంటే మనుషులే ఎక్కువ మోయాలని సభలో ఎవరూ తీర్మానం పెట్టలేదు, ఎన్నికల్లో ఆ మాట చెప్పి ఓట్లడిగినవాళ్లూ లేరు, అయినా బరువు ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మారిపోయింది.

దీనికి పెద్ద మలుపు 2019 సెప్టెంబర్ 20. జీఎస్టీ కౌన్సిల్ సమావేశానికి గోవా వెళ్లిన ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ అక్కడే ప్రెస్‌మీట్ పెట్టి ప్రకటించారు. పాత మినహాయింపులు వదులుకునే కంపెనీలకు పన్ను 30 నుంచి 22 శాతానికి తగ్గింది, సర్‌ఛార్జి, సెస్ కలిపితే 25.17 అవుతుంది. కొత్తగా పెట్టే తయారీ కంపెనీలకైతే 15 శాతమే. దీనివల్ల ఏటా 1.45 లక్షల కోట్లు వదులుకుంటున్నామని ప్రభుత్వమే చెప్పింది. ఆ ఒక్కరోజే సెన్సెక్స్ 1,921 పాయింట్లు ఎగిరింది.

అప్పుడు చెప్పిన కారణం మరీ కొట్టిపారేయాల్సిందేం కాదు. అమెరికా 2017లో చట్టం చేసి 35 శాతాన్ని 21కి దించేసింది, చుట్టుపక్కల దేశాలూ అదే దారిలో ఉన్నాయి, మనం తగ్గించకపోతే పెట్టుబడి ఇటు చూడదు అన్నారు. నిజమే, డబ్బుకి కాళ్లుంటాయి. ఉద్యోగికి ఇంటి లోను, పిల్లల స్కూలు, అమ్మానాన్నల మందులు ఉంటాయి, పన్ను ఎక్కువైందని రేపు పొద్దున్నే వేరే దేశానికి వెళ్లిపోలేడు. ఎవరు కదల్లేరో పన్ను వేసేవాళ్లకి బాగా తెలుసు.

నాకు మింగుడుపడని సంగతి వేరే ఉంది. ఆ 22 శాతానికి పాత మినహాయింపులు వదులుకోవాలన్న షరతు తప్ప, ఇంత పెట్టుబడి పెట్టాలనో ఇంతమందికి ఉద్యోగాలివ్వాలనో ఏమీ లేదు. 2018-19లో 6.63 లక్షల కోట్లున్న కార్పొరేట్ పన్ను వసూలు మరుసటి ఏడాది 5.57 లక్షల కోట్లకు పడిపోయింది. ఆ తర్వాత కోవిడ్ వచ్చి లెక్కలన్నీ కలగాపులగమయ్యాయి కాబట్టి 2020-21 అంకెల్ని వాదనకి వాడుకోవడం న్యాయం కాదు, వదిలేద్దాం. కానీ కోవిడ్ పోయాక ఏం జరిగింది? 2019-20కీ 2022-23కీ మధ్య కంపెనీల పన్నుకు ముందు లాభాలు దాదాపు నాలుగింతలయ్యాయని, నియామకాలూ జీతాలూ మాత్రం ఆ వేగానికి దగ్గర్లో కూడా లేవని 2023-24 ఆర్థిక సర్వే రాసింది. మరుసటి సర్వేలో ఇంకా సూటిగా ఉంది: 2023-24లో పెద్ద కంపెనీల లాభాలు 22.3 శాతం పెరిగితే ఉద్యోగుల సంఖ్య పెరిగింది 1.5 శాతం. ఇది ప్రతిపక్షం పంచిన కరపత్రం కాదండీ, ఆర్థిక శాఖ అచ్చేసిన పుస్తకం.

ఈ చర్చ ఎక్కడ మొదలైనా కాసేపటికి ఆ వాట్సాప్ ఫార్వర్డ్ వచ్చేస్తుంది, 'కంపెనీకి 22 శాతం, జీతగాడికి 30 శాతం' అని. నేనూ ఒకప్పుడు నలుగురికి పంపినవాణ్ణే. కాగితం పెన్ను పట్టుకుని కూర్చుంటే మాత్రం అది నిలబడదు. మినహాయింపులు చాలావరకు వదులుకుని తక్కువ రేట్లతో కట్టే కొత్త విధానంలో, 2025-26 లెక్క ప్రకారం, పన్ను పడే ఆదాయం 12 లక్షల దాకా ఉంటే కట్టేది సున్నా. 24 లక్షలుంటే సెస్‌తో కలిపి 3.12 లక్షలు, అంటే 13 శాతం. 50 లక్షలున్నా 11.23 లక్షలు, 22 శాతం పైచిలుకు అంతే. ముప్ఫై అనేది పై మెట్టు మీద పడే రేటు, కింద మెట్లకి తక్కువే. కంపెనీ మాత్రం లాభంలో మొదటి రూపాయి మీదే 25.17 శాతం కడుతుంది. కాబట్టి రేటు పట్టుకుని పోట్లాడితే మనమే ఓడిపోతాం.

అసలు తేడా ఉన్నది శాతాల్లో కాదు, ఆ శాతం దేని మీద పడుతుందన్న దాంట్లో. కంపెనీ మిగిలినదాని మీద కడుతుంది, ఉద్యోగి వచ్చినదాని మీద కడతాడు. ఆఫీసు అద్దె, కరెంటు, అప్పు మీద వడ్డీ, విమానం టికెట్లు, మీటింగులో తాగిన కాఫీ, అన్నీ తీసేశాక ఉన్నదే కంపెనీ ఆదాయం. ఉద్యోగి ఆఫీసు దగ్గర ఉండాలని కట్టే అద్దె, రోజూ పోయించే పెట్రోలు, ఉద్యోగం నిలబెట్టుకోవడానికి సొంత డబ్బుతో చేసే కోర్సులు, వీటన్నిటికీ కలిపి కొత్త విధానంలో 75 వేల స్టాండర్డ్ డిడక్షన్. అదీ 2024లో పెంచితేనే.

ఒక ల్యాప్‌టాప్ తీసుకుందాం. ధర 60,000, జీఎస్టీ 18 శాతం, మొత్తం 70,800. కంపెనీ కొంటే ఆ 10,800 ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి వస్తుంది, మిగతా 60,000 తరుగుదల కింద, అంటే వస్తువు పాతబడి విలువ తగ్గుతుందన్న లెక్కన, ఏడాదికి 40 శాతం చొప్పున లాభంలోంచి తీసేసుకుంటుంది. అంటే ఆలస్యమైనా సరే, ఆ ల్యాప్‌టాప్ కోసం కంపెనీ 60,000 సంపాదిస్తే సరిపోతుంది. అదే మోడల్‌ని పై శ్లాబులో ఉన్న ఉద్యోగి, అదే ఆఫీసు పని ఇంట్లో చేసుకోడానికి కొనుక్కుంటే, పన్ను పోను చేతిలో 70,800 మిగలాలి, దానికి సుమారు 1,02,900 సంపాదించాలి. వస్తువు ఒకటే, పనీ ఒకటే.

ఇంకో లెక్క ఉంది, ఇది నన్ను ఎక్కువ కలవరపెట్టింది. ఇద్దరు మనుషులు, రెండేళ్లలో ఇద్దరికీ పన్ను పడే ఆదాయం 20 లక్షలే. ఒకరికి ఏడాదికి పది చొప్పున వచ్చింది, పన్ను సున్నా. రెండో మనిషికి మొదటి ఏడాది మొత్తం 20 వచ్చి, ఆ తర్వాత లేఆఫ్‌లో ఉద్యోగం పోయి రెండో ఏడాదంతా ఖాళీగా ఉండాల్సి వచ్చింది. అతను కట్టింది 2.08 లక్షలు. ఖాళీగా ఉన్న ఏడాది అప్పు చేసి ఇల్లు నడిపినా సరే అందులో రూపాయి కూడా తిరిగి రాదు. కంపెనీకి వ్యాపారంలో నష్టమొస్తే ఎనిమిదేళ్ల పాటు ముందుకి మోసుకెళ్లి, లాభమొచ్చిన ఏడాదిలో తీసేసుకోవచ్చు. వ్యాపారం ఎగుడుదిగుడుగా ఉంటుందని చట్టానికి తెలుసు. ఉద్యోగం కూడా అలాగే అయిపోయిందని ఇంకా తెలిసినట్టు లేదు.

టీడీఎస్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, మనందరికీ అనుభవమే. జీతం చేతికి రాకముందే పన్ను పోతుంది. నేను పాత విధానంలో ఉన్న రోజుల్లో ఒక ఏడాది ఇంటి ఓనర్ పాన్ నంబర్ ఇవ్వనని మొండికేస్తే, అద్దె రసీదులు పనికిరాక, అద్దె మీద రావాల్సిన మినహాయింపు పోయి మార్చి జీతంలో సగానికి పైగా కోశారు. ఆ నెల అద్దె కట్టడానికి అదే ఓనర్‌ని పది రోజులు గడువు అడిగాను!

అవతలి వైపు వాదనలో గట్టిది ఒకటుంది, దాన్ని దాటేస్తే మోసం. కంపెనీ అంటే చివరికి వాటాదారులే కదా, వాళ్లు రెండుసార్లు కడుతున్నారు కదా అంటారు. నిజమే. 2020 ఏప్రిల్ నుంచి డివిడెండ్ అందుకున్నవాళ్ల శ్లాబు ప్రకారమే పన్ను పడుతోంది. వంద రూపాయల లాభంలో కంపెనీ 25.17 కట్టి, మిగతా 74.83 డివిడెండుగా ఇస్తే, 31.2 శాతం కట్టే వాటాదారుడికి మిగిలేది 51 రూపాయల పైచిలుకే. కానీ డివిడెండ్ ఇవ్వాలని ఎవరు బలవంతం చేశారు? లాభాన్ని కంపెనీలోనే ఉంచేస్తే 25.17 దగ్గరే ఆగిపోతుంది, షేరు ధర పెరుగుతుంది, అమ్మినప్పుడే పన్ను, అదీ స్టాక్ మార్కెట్‌లో లిస్టయిన షేరుని ఏడాది దాటాక అమ్మితే 12.5 శాతం. ఎప్పుడు కట్టాలో తనే నిర్ణయించుకోగలగడం చిన్న సౌకర్యమేమీ కాదు. జీతగాడు 'ఈ ఏడాది జీతం ఆఫీసులోనే ఉంచండి, పన్ను తర్వాత చూద్దాం' అనగలడా?

అయితే కంపెనీలు ఒకవైపు, మనుషులు ఒకవైపు అని గీత గీస్తే ఆ గీత మీదే నలిగిపోయేవాళ్లు కనపడరు. ఇద్దరు ముగ్గురు కలిసి నడిపే పార్ట్‌నర్‌షిప్ సంస్థ ఉందనుకోండి. దానికి శ్లాబులు లేవు. భాగస్వాములకిచ్చే జీతం, వడ్డీ పరిమితి మేరకు తీసేశాక, మిగిలిన లాభం మీద మొదటి రూపాయి నుంచే 30 శాతం, సెస్‌తో 31.2. భాగస్వాముల బాధ్యతకి పరిమితి ఉండే ఎల్‌ఎల్‌పీకీ అంతే. వేల కోట్ల లాభాల కంపెనీకి 25.17, హార్డ్‌వేర్ షాపు నడిపే ఇద్దరు అన్నదమ్ములకి 31.2! పైగా ఆ అన్నదమ్ములు కట్టేది కార్పొరేషన్ ట్యాక్స్‌లోకి రాదు, మన 22 పైసల్లోనే కలుస్తుంది. టీవీ చర్చల్లో వీళ్ల ఊసే ఉండదు, ఎందుకంటే వీళ్లకి సంఘం లేదు, స్టూడియోకొచ్చే ఆడిటరూ లేడు. అసలు ఆదాయపు పన్నే కట్టనివాళ్ల సంగతి ఇంకోటి, 2025-26లో జీఎస్టీ కింద చూపించిన 18 పైసల్లో వాళ్ల వాటా ఎంతో ఆ గుండ్రటి బొమ్మ చెప్పదు.

మరేం చేయాలంటే, కంపెనీల రేటు మళ్లీ 30కి పెంచమని నేను అడగను. పక్క దేశంలో తక్కువుంటే మళ్లీ అదే కథ మొదలవుతుంది. 2021లో 136 దేశాలు పెద్ద బహుళజాతి కంపెనీలకు కనీసం 15 శాతం పన్ను ఉండాలని ఒప్పుకున్నది ఈ పోటీకి విసిగే. నేనడిగేవి చిన్నవి. ఉద్యోగం పోయిన మనిషికి రెండు మూడేళ్ల ఆదాయం కలిపి సగటు మీద పన్ను లెక్కగట్టుకునే వీలు ఇవ్వండి. పార్ట్‌నర్‌షిప్ సంస్థల రేటు కంపెనీల రేటుతో సమానం చేయండి. పెట్టుబడి పేరు చెప్పి రాయితీ ఇచ్చినప్పుడు దానికి ముగింపు తేదీ పెట్టండి, అది రాకముందే ఎంత పెట్టుబడి వచ్చిందో లెక్క సభ ముందు పెట్టండి. ఇదేమీ చేయలేని పని కాదు. కొత్త తయారీ కంపెనీలకిచ్చిన 15 శాతం రేటుకి 2024 మార్చి 31లోగా ఉత్పత్తి మొదలెట్టాలని గడువు ఉంది, ఆ తేదీ వచ్చింది, పొడిగించలేదు, ఆ తలుపు మూసుకుంది, ఆకాశమేమీ ఊడిపడలేదు. 22 శాతానికి మాత్రం ఈరోజుకీ అలాంటి తేదీ లేదు.