ఊరి చరిత్రకు ఊళ్లోనే చోటు

శాఖా గ్రంథాలయంలో పాత పుస్తకం ఏది తీసి తెరిచినా మొదటి పేజీలో ఒక గుండ్రని ముద్ర కనిపిస్తుంది. ఊదారంగు సిరా వెలిసిపోయినా ఊరి పేరు, గ్రంథాలయం పేరు చదవడానికి వీలుగానే ఉంటాయి. దాని పక్కన కలంతో వేసిన వరుస సంఖ్య, కింద ఎవరి జ్ఞాపకార్థం ఎవరు బహూకరించారో రెండు వరుసల్లో రాసిన మాట, వెనుక అట్టకు అంటించిన చీటీలో ఆ పుస్తకం ఇళ్లకు వెళ్లి తిరిగి వచ్చిన తేదీలు ఉంటాయి. కొన్ని పుస్తకాల్లో ఆ తేదీలు ముప్ఫై, నలభై ఏళ్ల కిందటే ఆగిపోయాయి. పుస్తకంలోని కథ మరోచోట దొరకవచ్చు, దాని ప్రతి ఏ నగరంలోనో భద్రంగా ఉండవచ్చు. ఆ ముద్ర, ఆ బహూకరణ వాక్యం, ఆ తేదీల వరుస మాత్రం ఆ ఊరివే. చిరిగిన పుస్తకాలను తూకానికి వేసినప్పుడు, ఆ ఊళ్లో ఎవరు చదివారు, ఎవరు చదివించారు అన్నదానికి మిగిలిన ఒక్క సాక్ష్యమూ వాటితోపాటు వెళ్లిపోతోంది.

చిన్న ఊళ్ల గ్రంథాలయాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా చర్చ భవనం, కుర్చీలు, ఫ్యాన్లు, పోటీ పరీక్షల పుస్తకాల దగ్గరే ఆగుతోంది. అవన్నీ అవసరమే, వాటిని కాదనడం లేదు. అయితే ఊరి చరిత్రను ఊళ్లోనే భద్రపరిచే బాధ్యతను శాఖా గ్రంథాలయానికి అధికారికంగా అప్పగించాలనీ, అందుకయ్యే కొద్దిపాటి ఖర్చుకు ప్రజలు ఇప్పటికే పన్ను రూపంలో కడుతున్న డబ్బు సరిపోతుంది కనుక అది గ్రంథాలయానికి చేరేలా చూడాలనీ మేము కోరుతున్నాము.

ఇది కొత్త ఆలోచన కాదు. తెలుగునాట గ్రంథాలయం పుట్టినప్పుడు చరిత్ర పరిశోధన దానికి తోబుట్టువుగానే పుట్టింది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయాన్ని స్థాపించిన వారిలో కొమర్రాజు లక్ష్మణరావు ఒకరు. నిజాం రాజ్యంలో తెలుగు చదువుకు ఆదరణ కరువైన రోజుల్లో ఆ నిలయం, 1904లో హనుమకొండలో వెలసిన రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం తెలుగు చదువరులకు నీడనిచ్చాయి. ఆ లక్ష్మణరావే 1906లో విజ్ఞాన చంద్రికా మండలి ద్వారా చరిత్ర, శాస్త్ర గ్రంథాలను తెలుగులోకి తెచ్చారు. 1923లో ఆయన కన్నుమూసిన తరువాత ఆయన పేరుతో నడిచిన పరిశోధక మండలి తెలంగాణ పల్లెల్లో రాళ్ల మీది శాసనాలను సేకరించి, 1935లో సంపుటంగా ప్రచురించింది. పుస్తకాల బీరువా తాళంచెవి, శాసనాల నకళ్లు తీసే కాగితం అప్పట్లో ఒకే వర్గం చేతుల్లో ఉండేవి.

కోస్తాలోనూ అదే తీరు. అయ్యంకి వెంకటరమణయ్య వంటివారి చొరవతో 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగింది. ఆ మరుసటి ఏడాది 'గ్రంథాలయ సర్వస్వము' పత్రిక మొదలైంది. రాజమహేంద్రవరంలో 1922లో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి ఏర్పడింది. చీరాల పక్కన చేనేత ఊరైన వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం సంగతి మరింత విశేషం. దాని భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. ఇవాళ్టికీ పరిశోధకులు ఆ ఊరి దారి పట్టడానికి కారణం మాత్రం అక్కడి పాత పత్రికల సంచికలు. ఒక మహానగరమో విశ్వవిద్యాలయమో చేయవలసిన పనిని నేతగాళ్ల ఊరి గ్రంథాలయం నూరేళ్లకు పైగా చేసుకొస్తున్నది. వచ్చిన పత్రికను పారేయకుండా వరుసలో పెట్టి కుట్టించి దాచడం తప్ప అందుకు వారు పట్టిన వేరే మార్గమేమీ లేదు.

1935లో గుంటూరు ప్రాంతంలో పాతూరి నాగభూషణం పెదవడ్లపూడి, కొల్లిపర మధ్య కాలువ మీద పడవలో పుస్తకాలు పంపారు. రేవు రేవునా ఆగి పుస్తకం ఇచ్చి, పాతది తీసుకుని వెళ్లిన ఆ పడవ గురించి ప్రతి గ్రంథాలయ వారోత్సవంలో ఎవరో ఒకరు గర్వంగా చెబుతూనే ఉంటారు. ఆ పడవ నడిచిన కాలువ గట్టు ఊళ్లలో దానికి సంబంధించిన ఒక్క ఫొటో, ఒక్క పుస్తకాల జాబితా, పుస్తకం అందుకున్న వారి మాటల్లో ఒక్క జ్ఞాపకమైనా ఆ ఊరి గ్రంథాలయంలో చూడగలిగితే, ఆ గర్వానికి ఆధారం కూడా మన దగ్గర ఉండేది.

నష్టం ఎక్కడ జరుగుతోందో చూద్దాం. కరణాల ఇళ్లలో తరతరాలుగా దండకవిలెలు, అంటే ఊరి సంగతులు రాసి ఉంచిన పాత దస్త్రాలు, ఉండేవి. పందొమ్మిదో శతాబ్దం తొలి ఏళ్లలో ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కర్నల్ మెకంజీ తరఫున ఏలూరుకు చెందిన కావలి సోదరులు, వారి సహాయకులు ఊరూరా తిరిగి సేకరించిన కైఫీయత్తులకు, అంటే ఊరి చరిత్ర కథనాలకు, చాలావరకు ఆ కవిలెలే ఆధారం. ఊరు ఎప్పుడు పుట్టింది, చెరువు ఎవరు తవ్వించారు, గుడికి ఏ మాన్యం ఎవరిచ్చారు, ఏ కరువులో ఎవరు ఊరు విడిచిపోయారు అన్న వివరాలు వాటిలో ఉన్నాయి. నకళ్లలో పెద్దభాగం నేడు చెన్నైలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉంది, కొన్ని అచ్చులోకి కూడా వచ్చాయి. తమ ఊరికి కైఫీయత్తు ఉన్నదని తెలిసిన గ్రామస్థులు ఎందరు? దాని ప్రతిని తమ శాఖా గ్రంథాలయంలో అడిగి చదవగలిగిన విద్యార్థులు ఎందరు? 1984లో కరణాల వ్యవస్థ రద్దయిన తరువాత ప్రభుత్వ దస్త్రాలు కార్యాలయాలకు చేరాయి కానీ, ఇళ్లలో మిగిలిన సొంత కాగితాలను అడిగినవారు లేరు. పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టేటప్పుడు అటక మీది పెట్టెలు దిగుతాయి. అందులో ఉన్నది చదవగలిగిన పెద్దలు అప్పటికే ఉండరు, పిల్లలు వేరే ఊళ్లలో ఉంటారు. ఒక మధ్యాహ్నంలో అంతా పాత కాగితాల బండి ఎక్కుతుంది. ఆ ఊళ్లోనే "ఇక్కడ ఇవ్వండి, మేము దాచిపెడతాము" అనే గది ఒకటి ఉందని తెలిస్తే చాలా కుటుంబాలు ఆ పెట్టెను సంతోషంగా అప్పగిస్తాయని మా నమ్మకం.

మా పత్రికా వృత్తికి సంబంధించిన లోపాన్నీ ఇక్కడ చెప్పాలి. మూడు దశాబ్దాలకు పైగా తెలుగు దినపత్రికలు జిల్లా అనుబంధాలు అచ్చువేస్తున్నాయి. ఊరి వంతెన ప్రారంభం, బడి వార్షికోత్సవం, చెరువుకు పడిన గండి, సర్పంచి ఎన్నిక, నాటక పోటీలు, పంట ధరల గొడవ ఏ రోజుకా రోజు ఆ పేజీల్లో వచ్చాయి. ఒక ప్రాంతపు నిత్యజీవితం ఇంత వివరంగా అచ్చయిన కాలం మునుపెన్నడూ లేదు. ప్రధాన సంచికలను నగరాల్లో ఎవరో ఒకరు భద్రపరుస్తున్నారు. జిల్లా పేజీలకు మాత్రం ఆ భాగ్యం తక్కువ. శాఖా గ్రంథాలయానికి ఉదయం వచ్చిన పత్రిక వాలు బల్ల మీద పెద్దల చేతుల్లో పేజీ పేజీగా విడిపోతుంది, సాయంత్రానికి మూలన కట్టగా మారుతుంది, కొన్ని నెలల తరువాత కిలోల లెక్కన అమ్ముడవుతుంది. ప్రధాన సంచికను అమ్ముకున్నా నష్టం లేదు. ఆ జిల్లా అనుబంధాన్ని విడిగా తీసి నెలకొక కట్టగా కుట్టి ఉంచితే, పదేళ్లలో ఆ ఊరికి తన సొంత దినచర్య చేతికి వస్తుంది. పత్రికలు కూడా తమ జిల్లా పేజీల ప్రతులను ఆయా జిల్లా కేంద్ర గ్రంథాలయాలకు క్రమం తప్పకుండా చేర్చే ఏర్పాటు చేయాలి. ఈ బాధ్యత నుంచి మమ్మల్ని మేము మినహాయించుకోవడం లేదు.

భద్రపరచడం అంటే ఏసీ గదులు, ఖరీదైన యంత్రాలు అన్న భయం ఒకటి ఉంది. పనిలో ఎక్కువ భాగం శ్రద్ధతోనే అవుతుంది. పాత చౌక కాగితంలో ఉండే ఆమ్లం దాన్ని లోపలి నుంచే తినేస్తుంది, మడత పెట్టిన చోట మొదట విరుగుతుంది. అందుకే మడవకుండా పరచి ఉంచాలి. చిరిగిన చోట సెల్లోటేపు అంటించడం మంచి చేస్తున్నామనుకుని చేసే చెడుపు. కొన్నేళ్లకు టేపు ఊడిపోతుంది, దాని జిగురు మాత్రం పచ్చటి మరకగా అక్షరాల మీద నిలిచిపోతుంది. బీరువాను గోడకు ఆనించకుండా జానెడు ఎడంగా పెడితే చెద, చెమ్మ రెండూ కొంత తగ్గుతాయి. ప్లాస్టిక్ సంచి కన్నా ఉతికి ఆరబెట్టిన నూలు గుడ్డ మేలు. తాళపత్రాలను గుడ్డలో చుట్టి వస కొమ్ములు పెట్టిన మన పెద్దలకు ఈ సంగతి తెలుసు. ఫొటో వెనుక పెన్సిలుతో మెల్లగా మనుషుల పేర్లు, ఏడాది, ఇచ్చినవారి పేరు రాయాలి. పేర్లు లేని ఫొటో ఇంకో తరం గడిచేసరికి ఎవరివో తెలియని ముఖాల గుంపు అవుతుంది.

స్కాన్ చేసి అంతర్జాలంలో పెడితే సరిపోతుంది కదా అనేవారున్నారు. వేలాది పాత తెలుగు పుస్తకాలు ఆ దారిలోనే నేడు ఇంట్లో కూర్చుని చదవగలుగుతున్నాము, ఆ మేలు చిన్నది కాదు. కానీ స్కాన్ కావాలంటే ముందు కాగితం మిగలాలి. పెళ్లి శుభలేఖ, నాటక సమాజం కరపత్రం, సహకార సంఘం సభ్యుల జాబితా, బడి గ్రూపు ఫొటో వంటివాటిని ఏ నగరంలోని సంస్థా తనంతట తాను వెతుక్కుంటూ రాదు. వాటి విలువ తెలిసినవారు ఆ ఊళ్లోనే ఉంటారు.

నేటి శాఖా గ్రంథాలయాల్లో ఎక్కువగా కనిపించేది ఉద్యోగ పరీక్షలకు చదివే యువతీయువకులు. ఇంట్లో ఒకే గది ఉన్న అమ్మాయికి ప్రశాంతంగా నాలుగు గంటలు చదువుకోవడానికి ఊళ్లో ఉన్న చోటు బహుశా ఇదొక్కటే. వారి కుర్చీ తీసి చరిత్రకు వేయమని మేము అడగడం లేదు. నిజానికి ఈ పనికి అందరికన్నా తగినవారు వారే. పరీక్ష కోసం కాకతీయుల వంశక్రమం కంఠస్థం చేస్తున్న విద్యార్థికి, తన ఊరి గుడి ఆవరణలో సున్నం పూతల కింద మరుగునపడుతున్న శాసనం ఎవరిదో తెలుసుకునే అవకాశం ఆ గ్రంథాలయం కల్పించాలి. బట్టలుతికే బండగా మారిన వీరగల్లు (పోరులో మరణించిన వీరుడి స్మారక శిల) మీది బొమ్మ ఎవరిదని అడిగే పిల్లవాడికి జవాబు వెతికే చోటు చూపించాలి.

ఇక డబ్బు సంగతి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నుతోపాటు గ్రంథాలయ సెస్సు వసూలవుతోంది. రూపాయికి ఎనిమిది పైసలు. ఏటా వెయ్యి రూపాయల ఇంటి పన్ను కట్టే కుటుంబం, గ్రంథాలయం గడప తొక్కినా తొక్కకపోయినా, దానికోసం మరో 80 రూపాయలు చెల్లిస్తోంది. పంచాయతీలు, పురపాలక సంఘాలు వసూలు చేసే ఈ సొమ్ము జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ కావాలి. ఎన్నోచోట్ల ఈ జమ ఏళ్ల తరబడి బకాయి పడుతోంది. వీధి దీపాలకో జీతాలకో అవసరం పడి వాడుకున్నామన్న సమాధానంలో స్థానిక సంస్థల ఇబ్బంది కనిపిస్తుంది, దాన్ని మేము అర్థం చేసుకోగలము. అయినా ఒక పేరు చెప్పి వసూలు చేసిన సొమ్మును ఇంకొక పనికి మళ్లించడం పన్ను కట్టినవారి నమ్మకాన్ని వమ్ము చేయడమే. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు బకాయిల లెక్కను ఊరి వారీగా బహిరంగపరచాలి. పన్ను రశీదులో సెస్సు మొత్తాన్ని స్పష్టంగా విడిగా చూపాలి. ఏడాదికోసారి గ్రామసభలో, తమ ఊరి నుంచి ఎంత వెళ్లిందో, తమ శాఖకు ఎంత తిరిగి వచ్చిందో చదివి వినిపించాలి.

డబ్బు వచ్చినా పనిచేసే మనిషి లేకపోతే ఉపయోగం లేదు. గ్రంథపాలకుల పోస్టులు ఖాళీగా ఉంచి, ఒకే మనిషికి రెండు మూడు శాఖలు అప్పగించి, తాళం తీసి వేయడమే గగనమైనచోట ఊరి చరిత్ర గురించి మాట్లాడటం అన్యాయం. ఆ ఖాళీలు నింపాలి. నియమితులైనవారికి ఇచ్చే శిక్షణలో పాత కాగితాల సంరక్షణ, పెద్దల జ్ఞాపకాలను రికార్డు చేయడం చేర్చాలి. ఊళ్లో పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులను, చరిత్రపై ఆసక్తి ఉన్నవారిని కలిపి ప్రతి శాఖకూ ఒక చిన్న చరిత్ర సంఘం ఏర్పాటు చేసుకునేందుకు జిల్లా సంస్థలు ఉత్తర్వు ఇస్తే చాలు. ఆ సంఘం సేకరించిన ప్రతి వస్తువుకూ రిజిస్టరులో పద్దు ఉండాలి, ఇచ్చినవారికి రశీదు ఉండాలి. ఈ విషయంలో రాజీ కూడదు. నమ్మి ఇచ్చిన కాగితం కనపడకుండా పోయిన ఊళ్లో రెండో కుటుంబం తన పెట్టె తెరవదు. సేకరణ ఊరిలోని అన్ని వాడల నుంచీ జరగాలి. భూములున్న ఇళ్లలో కాగితాలు ఉంటాయి. లేని ఇళ్లలో చరిత్ర మాటల్లోనూ, పాటల్లోనూ, వలస వెళ్లి వచ్చిన జ్ఞాపకాల్లోనూ ఉంటుంది. దాన్ని రాసుకోకపోతే ఆ బీరువాలో ఊరు సగమే ఉన్నట్టు.

ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. వ్యాసరచన, వక్తృత్వం, ముగ్గుల పోటీలతో వారం గడుస్తుంది. ఈసారి ఆ ఏడు రోజుల్లో ఒక రోజును ఊరి కాగితాల కోసం కేటాయించాలని రెండు రాష్ట్రాల గ్రంథాలయ శాఖలను కోరుతున్నాము. ఇంట్లో ఉన్న పాత ఫొటో, ఉత్తరం, కరపత్రం, కవిలె ఏదైనా తీసుకురమ్మని ముందు రోజు దండోరా వేయించాలి. ఇవ్వడానికి మనసొప్పనివారి దగ్గర అక్కడే ఫొటో తీసుకుని తిరిగి ఇచ్చేయాలి. బల్ల మీద కొత్త రిజిస్టరు ఒకటి తెరిచి, మొదటి పద్దుగా ఆ గ్రంథాలయం ఎప్పుడు, ఎవరి ఇంటి అరుగు మీద మొదలైందో ఊళ్లోని పెద్దలను అడిగి రాయించాలి.