పదిహేనుకి పదిహేను వచ్చింది, అయితే ఏంటి?

‘మైల్డ్ హెడ్ ఇంజురీ’, అంటే తలకి తగిలింది చిన్న దెబ్బే అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. క్యాజువాలిటీలో నర్సుని, రోజూ నా చేత్తో నేనే కేస్ షీట్లో రాసే మాట, అయినా మండుతుంది. ఇరవై ఏళ్ళ కుర్రాడికీ, ఏడు నెలల పాపకీ, ఎనభై దాటిన పెద్దాయనకీ అదే మాట అతికించేస్తాం. ముగ్గురి తలలూ ఒకటేనా?

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. దెబ్బ తగిలిన మనిషి ఎంత స్పృహలో ఉన్నాడో కొలవడానికి గ్లాస్గో కోమా స్కేల్ అని ఒకటుంది, 1974లో గ్లాస్గోలో టీస్‌డేల్, జెనెట్ అనే ఇద్దరు న్యూరోసర్జన్లు తయారుచేశారు. కళ్ళు తెరవడానికి 4, మాటకి 5, కాళ్ళూచేతుల కదలికకి 6, మొత్తం 15. మనిషి దేనికీ స్పందించకపోయినా 3 వస్తుంది, సున్నా లేదు. 13 నుంచి 15 మైల్డ్, 9 నుంచి 12 మోడరేట్, 8 లేదా అంతకంటే తక్కువైతే సివియర్. స్కేలు మీద నాకేం కోపం లేదు, గంటగంటకీ చూసి రాసుకుంటే మనిషి తేరుకుంటున్నాడా దిగజారుతున్నాడా ఇట్టే తెలిసిపోతుంది. నా కోపమల్లా ఒక్కసారి చూసి, 15 రాగానే ‘హమ్మయ్య’ అనుకుని బెడ్ ఖాళీ చేయించేవాళ్ళ మీద.

మా నాన్న సంగతే చూడండి. 78 ఏళ్ళు, రక్తం పల్చబడే మాత్ర వేసుకుంటారు, బాత్రూంలో జారి వెల్లకిలా పడ్డారు. నేను డ్యూటీలో ఉన్నా, తమ్ముడు దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. నాన్న పేరు చెప్పారు, తేదీ చెప్పారు, డాక్టర్ మీద జోకు కూడా వేశారు. 15కి 15, మైల్డ్, స్కాన్ అక్కర్లేదు, ఇంటికెళ్ళండి. ఏం మందులు వాడుతున్నారని అడిగిన పాపాన పోలేదు. మూడు వారాలయ్యాక చొక్కా బొత్తాలు ఒకదాని కాజాలో ఒకటి పెట్టుకుంటున్నారు, కుడికాలి చెప్పు ఊడిపోయినా తెలియకుండా నడుస్తున్నారు. స్కాన్ తీస్తే ఎడమవైపు క్రానిక్ సబ్‌డ్యూరల్, అంటే మెదడు పైపొరల కింద మెల్లగా చేరిన రక్తం. ఆపరేషన్ చేసి తీశారు, ఇప్పుడు బాగానే ఉన్నారు, నన్ను తిట్టేంత బాగున్నారు. ఆ తిట్లు నాకు పడాల్సినవే, ఎందుకంటే ఆ రోజు తమ్ముడు ఫోన్ చేస్తే “15 అన్నారా, అయితే పర్లేదులే” అన్నది నేనే.

వయసు పైబడే కొద్దీ మెదడు కాస్త కుంచించుకుపోతుంది, పుర్రెకీ దానికీ మధ్య ఖాళీ పెరుగుతుంది. ఆ ఖాళీని దాటి వెళ్ళే సిరలు లాగినట్టు బిగిసి ఉంటాయి, చిన్న కుదుపుకే తెగుతాయి. కారిన రక్తానికి లోపల చోటుంది కాబట్టి మెదడు వెంటనే నలిగిపోదు, మనిషి కబుర్లు చెబుతూనే ఉంటాడు. అదే రక్తం కుర్రాడి తలలో చేరితే చోటు చాలక స్కోరు తొందరగా పడిపోతుంది. ఇదేమీ కొత్త సంగతి కాదు. తలకి స్కాన్ ఎవరికి తీయాలో చెప్పే, 2001లో వచ్చిన కెనడా సీటీ నియమం ప్రకారం, దెబ్బ తర్వాత స్పృహ తప్పడమో జరిగింది గుర్తులేకపోవడమో ఉంటే, 65 నిండినవాళ్ళకి ఇంకే లక్షణం లేకపోయినా స్కాన్ తీయాలి. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళకైతే ఆ నియమం వర్తించనే వర్తించదు, అంటే దాన్ని చూపించి స్కాన్ వద్దనడానికి వీల్లేదు.

తిరగబడిన కేసూ ఉంది. ఒక పెద్దావిడని తీసుకొచ్చారు, ఏది అడిగినా “మా అమ్మాయి వస్తోంది” అనే అంటోంది. అయోమయం అని మాటకి 4 వేశాం. కాసేపటికి కూతురొచ్చి బ్యాగులోంచి చెవి మిషన్ తీసి పెట్టింది. అంతే, పెద్దావిడ నెల, వారం, తారీఖు అన్నీ చెప్పేసి, “ఇందాకట్నుంచి ఎందుకమ్మా అలా అరుస్తున్నారు” అని మమ్మల్నే అడిగింది. డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ళకి దెబ్బ తగలకముందు కూడా 14 మాత్రమే వచ్చేదేమో! కంటి ఆపరేషన్ అయినవాళ్ళ కంటిపాప టార్చికి సరిగ్గా కదలకపోతే అది దెబ్బ వల్లో పాత ఆపరేషన్ వల్లో ఇంట్లోవాళ్ళని అడగకుండా ఎలా తెలుస్తుంది?

ఇక పసిపిల్లలు. ఏడు నెలల పాప షీటులో ‘ఓరియెంటెడ్’ అని, అంటే పేరూ ఊరూ తేదీ సరిగ్గా చెప్పిందని టిక్కు చూశాను నేను, ఏం అడిగారో, ఆ తల్లి ఏ తేదీ చెప్పిందో! మాటలు రాని పిల్లలకి వేరే స్కేలుంది: ఊ కొడుతూ ఆడుకుంటే 5, చిరాగ్గా ఏడుస్తుంటే 4, నొప్పి కలిగిస్తేనే ఏడిస్తే 3. 2009లో అమెరికాలో 42 వేల మందికి పైగా పిల్లల్ని చూసి పెకార్న్ అనే పిల్లల ఎమర్జెన్సీ పరిశోధన బృందం వాళ్ళు ఇచ్చిన నియమాల్లో రెండేళ్ళ లోపువాళ్ళకి ఒకటి, పైవాళ్ళకి ఒకటి విడివిడిగా ఉంటాయి. రెండేళ్ళ లోపువాళ్ళయితే మూడడుగులు, ఆ పై పిల్లలయితే అయిదడుగులు మించిన ఎత్తు నుంచి పడితే జాగ్రత్తపడాలి. పసివాళ్ళలో నుదుటి మీద బొప్పి కంటే పక్కన, వెనక ఉబ్బితే ఎక్కువ భయం. నాకు బాగా నచ్చింది ఇంకోటి, బిడ్డ మామూలుగా లేదని తల్లో తండ్రో అంటే అది కూడా లెక్కలోకి వస్తుంది.

ఆ పాప తల్లి కూడా అదే అంది, “ఇది దీని ఏడుపు కాదు సిస్టర్” అని. వెంటనే స్కాన్‌కి తోసేయలేదు, పసిమెదడుకి ఆ రేడియేషన్ ఊరికే ఇవ్వకూడదు. దగ్గరే పెట్టుకుని గంటలకొద్దీ చూశాం. పాలు తాగింది, పడుకుంది, లేచి నా ఐడీ కార్డు పట్టుకుని లాగింది. స్కాన్ లేకుండానే ఇంటికెళ్ళింది.

2025లో లాన్సెట్ న్యూరాలజీ అనే వైద్య పత్రికలో నిపుణులు కొత్త పద్ధతి ప్రతిపాదించారు, మైల్డ్, మోడరేట్, సివియర్ అన్న మాటలు వదిలేసి స్కోరుతో పాటు రక్తపరీక్ష, స్కాన్, ముందునుంచీ ఉన్న జబ్బుల్లాంటివి అన్నీ కలిపి రాయమని. అది మా షీట్ల దాకా ఎప్పుడొస్తుందో గానీ, ఈలోపు నేనైతే వెంట వచ్చినవాళ్ళని “నిన్న ఎలా ఉన్నారు?” అని అడిగి, దానికి షీట్లో గడి లేదు కాబట్టి, పక్కన ఖాళీలో రాస్తున్నా. మొన్న ఒక డ్యూటీ డాక్టర్ “ఏంటి సిస్టర్, కథ రాశారు” అని నవ్వాడు. అంతా చదివి సంతకం మాత్రం పెట్టాడు.