బాక్సులో పట్టాల్సిన లెక్క

మన పిల్లలు ఎనిమిదో తరగతిలో ఉండగానే హైస్కూలు కోర్సులు ఎంచుకోమని బడి నుంచి ఫారం వస్తుంది. అమెరికాలోని చాలా తెలుగు ఇళ్లలో దాన్ని నింపే తీరు ఒకటే: ఖాళీ ఉన్న ప్రతి చోటా ఏపీ (కాలేజీ స్థాయి) కోర్సు, శనాదివారాలు కాలేజీ ప్రవేశాలకు రాసే శాట్ పరీక్ష కోచింగు. అదే ఫారంలో సీటీఈ (వృత్తి విద్య) కింద ఉండే ఎలక్ట్రికల్, వెల్డింగ్ కోర్సుల మీద చూపు ఆగదు. మార్కులు రానివాళ్లకే ఐటీఐ అన్న చిన్నచూపు మనతోపాటే ఇక్కడికీ వచ్చింది. అది మన పిల్లలకు నష్టం చేస్తోంది.

గోడలో ఒక ప్లగ్ పాయింటు బిగించే పనే చూడండి. 20 ఆంపియర్ల బ్రేకరుకు 12 గేజి రాగి తీగ వాడాలి. ప్లగ్ పాయింటు కూర్చునే గోడలోని బాక్సులోకి ఒక కేబుల్ వస్తుంది, ఇంకొకటి ముందుకు పోతుంది. 12 గేజి తీగ ఒక్కోదానికి 2.25 ఘనపు అంగుళాల చోటు ఉండాలని అమెరికా వైరింగు నియమావళి అయిన నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ చెబుతుంది. హాట్, న్యూట్రల్ తీగలు నాలుగు. గ్రౌండ్ తీగలు రెండూ కలిపి ఒకటిగా లెక్క. కేబుల్‌ను పట్టి ఉంచే లోపలి క్లాంపులకు ఒక తీగ చోటు, ప్లగ్ పాయింటుకు రెండు తీగల చోటు. మొత్తం ఎనిమిది తీగల చోటు, అంటే 18 ఘనపు అంగుళాలు. అంతకంటే చిన్న బాక్సులో కుక్కినా మూత పడుతుంది, కరెంటూ వస్తుంది. కానీ లోపల ఇన్సులేషన్ నలుగుతుంది, వేడి పోయే దారి ఉండదు. స్క్రూ వదులుగా ఉంటే అక్కడ రెసిస్టెన్స్ పెరిగి, లోడు పడ్డప్పుడల్లా కాలుతూ, చివరికి నిప్పంటుకోవచ్చు. అందుకే తయారీదారు చెప్పిన టార్క్‌కే (తిప్పే బలానికే) బిగించాలి. బాక్సులో కనీసం 6 అంగుళాల తీగ వదలాలి, లేకపోతే రేపు రిపేరుకు పట్టు దొరకదు.

ఈ కూడికలు, గుణకారాలు శాట్ రాసే పిల్లలకు చిటికెలో పని. ఏది లెక్కలోకి వస్తుందో, ఏది రాదో ఎదురుగా ఉన్న వస్తువును చూసి తేల్చుకోవడమే కష్టం. 2 గంటల 14 నిమిషాల్లో 98 ప్రశ్నలు అడిగే శాట్ దాన్ని కొలవలేదు. ఇంజనీరింగు చదవబోయే పిల్లలకైతే ఇది మరీ అవసరం.

పరీక్షలు వద్దని కాదు. మూడు నుంచి ఎనిమిది తరగతుల దాకా ఏటా చదవడంలో, లెక్కల్లో పెట్టే పరీక్షల వల్లే ఏ బడిలో ఎవరు వెనకబడ్డారో బయటపడుతుంది. కార్మిక యూనియన్ నడిపే ఎలక్ట్రికల్ అప్రెంటిస్‌షిప్‌లో (పని చేస్తూ నేర్చుకునే శిక్షణలో) చేరడానికి కూడా ఒక ఏడాది ఆల్జీబ్రా పాసై ఉండాలి, ఆల్జీబ్రాలో, చదివి అర్థం చేసుకోవడంలో పరీక్ష రాయాలి. ఆ తర్వాత సుమారు 8,000 గంటల పని, దానికి తోడు తరగతులు, మొదటి రోజు నుంచే జీతం.

అయితే సీటీఈ అని పేరున్న ప్రతి కోర్సూ మంచిది కాదు. ఫారం మీద సంతకం పెట్టేముందు కౌన్సెలర్‌ను గట్టిగా అడగండి. టీచరుకు ఆ పనిలో లైసెన్సు ఉందా? వారానికి ఎన్ని గంటలు పిల్లల చేతిలో పనిముట్టు ఉంటుంది? చివర్లో ఇచ్చే సర్టిఫికెట్ ఏమిటి? ఓషా (పనిచేసే చోట భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) 10 గంటల కార్డు ఒక్కటే అయితే అది భద్రతా శిక్షణ మాత్రమే, పని నేర్చినట్టు కాదు. కమ్యూనిటీ కాలేజీ క్రెడిట్ వస్తుందా? ఈ గంటలను అప్రెంటిస్‌షిప్‌లో కలుపుకుంటారా? కలుపుకుంటామంటే, ఆ మాట కాగితం మీద ఇమ్మనండి.