మహారాజశ్రీ మొసలి తోలు సీటు గారికి

మహారాజశ్రీ మొసలి తోలు సీటు గారి దివ్యసముఖానికి, విజయవాడ వాస్తవ్యుడొకడు నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. నా కుశలం మాట అటుంచండి, తమరి గురించే కాస్త టెన్షన్‌గా ఉంది. రోహిణి కార్తెకు రోళ్లు పగిలే ఊరు మాది. మిట్టమధ్యాహ్నం బెంజి సర్కిల్ పక్కన అద్దాలు బిగించి ఆపిన బండిలో ఎలా ఉంటున్నారో! మొసలికి ఎండ కాగడం అలవాటేననుకోండి. తమరి మీద కూర్చునేవాళ్లకే ఆ అలవాటు లేదు.

మా పేటలో ఒకాయన కొత్త ఎస్‌యూవీ కొన్నాడు. కంపెనీ సీట్లు నిక్షేపంలా ఉన్నా పీకించి తమరిని కుట్టించుకున్నాడు. ఇప్పుడు కనబడ్డవాళ్లందరికీ తలుపు తీసి మరీ "ఒరిజినల్ అండీ, ఇంపోర్టెడ్" అని చూపిస్తున్నాడు. కూర్చోమనడం లేదు, చూడమంటున్నాడు. సరే, నేనూ తీరిగ్గానే చూశాను.

అసలు మొసలి తోలు మీద పొలుసు పొలుసుకీ అంచు దగ్గర సూదితో పొడిచినంత చుక్క ఉంటుంది. నీళ్లలో కదలికను పసిగట్టేది దానితోనే. తమరి ఒంటి మీద వెతికి చూసినా ఒక్క చుక్క లేదు. మొసలికి దాయాదైన ఎలిగేటర్‌కి ఆ చుక్కలు దవడల దగ్గరే ఉంటాయి, పోనీ తమరు ఆ వంశమేమో అని సర్దుకోబోయాను. ఇంతలో డ్రైవరు సీటు భుజం మీద వంకర పొలుసు ఒకటి కనబడింది. పక్క సీటు మీద అదే చోట అదే వంకర. వెనక సీటు మీద మూడుసార్లు. అచ్చు వేసే రోలరు చుట్టు తిరిగినప్పుడల్లా అదే వంకర పడిందన్నమాట! తమరు మహా అయితే గేదె తోలు, కాకపోతే శుద్ధ రెగ్జిన్. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

కోపం తెచ్చుకోకండి, తమరు నకిలీ కావడమే ఆయన అదృష్టం. మన మొసలి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది. దాని తోలుతో దొరికితే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు. విదేశాల్లో ఫారాల్లో పెంచుతారుగా అంటారా, సరీసృపాల తోళ్ల దిగుమతిని 2017లోనే నిషేధించారు. చేయని నేరాన్ని తలుపు తీసి మరీ ఒప్పుకునే మనిషిని నేనైతే ఇప్పుడే చూస్తున్నాను.

అసలు తోలుకి ధర కట్టేది పొట్ట వెడల్పును బట్టి, సెంటీమీటర్లలో. వీపు నిండా ఎముక పలకలే కదా. అందుకే దానితో వాచీ పట్టీలు, పర్సులు, చేతిసంచులు చేసుకుంటారు. ఒక బండి సీట్లన్నిటికీ కప్పాలంటే చెరువు ఖాళీ చేయాలి. తమరి తర్వాత టేకు చేప (స్టింగ్‌రే) తోలు మీద ఆయన కన్ను పడిందని విన్నాను. ఒళ్లంతా గట్టి గింజలుండే తోలు అది, జపాన్‌లో కత్తి పిడికి చుట్టేవారు, ఆ గరుకుకి పైన చుట్టే తాడు జారకుండా. పెళ్లిళ్ల సీజన్లో దాని మీద పట్టుపంచెతో ఎక్కి దిగితే పంచె గతేమిటో ఆయనే తేల్చుకోవాలి.

నన్ను నిజంగా భయపెట్టేది తమరి కుట్టు. కంపెనీ సీటు పక్కన "ఎయిర్‌బ్యాగ్" అని చిన్న పట్టీ ఉండేది. బండి గుద్దుకుంటే బ్యాగు చీల్చుకుని బయటికి రావాలని అక్కడ కుట్టు కావాలనే బలహీనంగా వేస్తారు. ఇప్పుడు ఆ పట్టీ మీదుగా తమరు వచ్చి కూర్చున్నారు, డబుల్ కుట్టుతో. ఏనుగు కాలు పట్టిన మొసలిలా ప్రాణం మీదికొచ్చినా వదిలేట్టు లేరు.

ఇంతా చేసి తమరు కనబడితే కదా! చెమట మరక పడుతుందని పైన టర్కీ టవలు పరిచారు. భవానీ దీక్ష వేసుకున్నాక చెప్పులే వదిలేసిన మనిషి తోలు మీద కూర్చోవడం ఏమిటని ఆ టవలు తీసి ఎర్ర దుప్పటి కప్పారు. గంగమ్మ తల్లి వాహనం మొసలే. ఆవిడ కింద టవలు పరిచినట్టు ఏ పటంలోనూ చూడలేదు.

తమరిని కుట్టిన ఆటోనగర్‌లోనే లారీల పని కూడా జరుగుతుంది. అక్కడ డ్రైవరు సీటుకి మామూలు రెగ్జిన్, దాని మీద చెక్కపూసల కవరు. రాత్రంతా నడిపేవాడికి వీపుకి గాలి ఆడాలి కదా. దాన్ని ఎవరికీ తలుపు తీసి చూపించరు లెండి.

చివరగా ఒక మాట, తమరి చెవిన వేస్తున్నాను, ఆయనకు చెప్పకండి. నాలుగేళ్లకో ఐదేళ్లకో ఆయన బండి మారుస్తాడు. సెకండ్ హ్యాండ్ బేరగాడు వచ్చి టైర్లు చూస్తాడు, కిలోమీటర్లు చూస్తాడు, ఇన్సూరెన్స్ అడుగుతాడు. తర్వాత టవలు ఎత్తి తమరిని ఒక్క క్షణం చూసి, "కంపెనీ సీటు కవర్లు ఎక్కడన్నా దాచారా సార్?" అంటాడు.

ఇట్లు,
ఆ బండిలో ఒకసారి లిఫ్ట్ దొరికినా
టవలు మీదే కూర్చున్న ఒక పొరుగువాడు