నలభై తొమ్మిది నిమిషాల బరంపురం

మొన్న బుధవారం సంగతి. బరంపురంలో బావమరిది కొడుకు బారసాల. రైలు టికెట్లు తీయడం నా వంతు, మర్చిపోయాను. దాని మీద ఇంట్లో విచారణ ముగిసింది కాబట్టి ఇక్కడ మళ్లీ వద్దు.

పొద్దున్నే ఫోన్లో వెతికితే ఒక పేజీ దొరికింది. జయపురం విమానాశ్రయం (రాజస్థాన్‌ది కాదు, ఒడిశాలో మా కొరాపుట్ జిల్లాది) నుంచి బరంపురం రంగైలుండా విమానాశ్రయానికి 249 కిలోమీటర్లు, అంటే 134 నాటికల్ మైళ్లు. ప్రయాణం 49 నిమిషాలు. యాభై కూడా కాదు, 49! ఇంత కచ్చితంగా చెప్పేవాడు అబద్ధమాడతాడా? పైగా 2022లో మా ఊళ్లో తొమ్మిది సీట్ల విమానం దిగడం మొదలైంది. మావయ్యగారికి ఫోన్ చేసి "టిఫిన్ మీ ఇంట్లోనే" అనేశాను. ఆన్‌లైన్లో టికెట్ కనపడలేదు, కౌంటర్లో ఇస్తారులే అనుకున్నాను.

అయిదు కిలోల కాలాజీరా బియ్యం సంచి భుజాన వేసుకుని గేటు దగ్గర దిగాను.

"ఎక్కడికండీ?" అన్నాడు కాపలా ఆయన.

"బరంపురం."

ఆయన నా వెనక్కి చూశాడు, బస్సేమైనా ఆగిందేమోనని. ఫోన్ చూపించాను. జేబులోంచి కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, కోర్టు కాగితం చదివినట్టు చదివాడు. ఇంకొకాయన్ని పిలిచాడు. ఆయన వస్తూ వస్తూ గడ్డి కోసే కుర్రాణ్ణి తెచ్చాడు. ముగ్గురూ నా ఫోన్ మీద వంగారు.

"నాటికల్ అంటే ఏటండీ?" అన్నాడు కుర్రాడు.

"ఓడల వాళ్ల లెక్క. ఒక్కోటి 1.852 కిలోమీటర్లు," అన్నాను. ఆ సమయంలో కూడా మాస్టారి గొంతు ఎందుకొచ్చిందో నాకే తెలీదు.

"మరి ఇక్కడ సముద్రం లేదు కదండీ?"

జవాబు లేదు నా దగ్గర. రెండో ఆయన అప్పటికే సంచి మూతి విప్పి బియ్యం వాసన చూస్తున్నాడు. "మంచి సరుకే," అన్నాడు. చివరికి కాపలా ఆయన కళ్లజోడు మడిచి, చాలా మర్యాదగా చెప్పాడు: "దూరం కరెక్టేనండీ. విమానమే లేదు."

తర్వాత తెలిసింది ఆ పేజీ వాళ్ల నిర్వాకం. మ్యాపులో రెండు చుక్కలు పెట్టి గీత గీస్తారు. దాన్ని గంటకు 800 కిలోమీటర్ల జెట్ వేగంతో భాగిస్తారు. ఎక్కడానికీ దిగడానికీ ఓ అరగంట కలుపుతారు. ఆ తొమ్మిది సీట్ల బుల్లి విమానం అందులో సగం వేగం కూడా పోదు. అసలు ఆ దారిలో ఏదైనా ఎగురుతుందా అన్న ప్రశ్నే వాళ్లకి రాదు. ఆ లెక్కన మా వంటింటి నుంచి పెరట్లో నూతికి ముప్ఫై నిమిషాలు! కింద బరంపురం హోటల్ గదుల ప్రకటన మాత్రం మర్చిపోకుండా పెట్టారు.

ఈలోగా మావయ్యగారు స్కూటరేసుకుని రంగైలుండా వెళ్లి, రెండు గంటలు ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డారట.

సాయంత్రం హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ జనరల్ పెట్టెలో నిలబడి విజయనగరం దాకా కిందికి దిగి, పలాస మీదుగా మళ్లీ పైకెక్కి, తెల్లవారుజామున తలుపు కొట్టాను. మావయ్యగారే తీశారు.

"ఎదురుగాలా, అల్లుడుగారూ?" అని అడిగి, బియ్యం సంచి అందుకుని లోపలికి వెళ్లిపోయారు.