పిన్ను తీశారా?

(కారు ముందుభాగం జాకీ మీద లేచి ఉంది. సుబ్బారావు కిందకి దూరబోతున్నాడు. కమల మాన్యువల్ పట్టుకుని వచ్చింది.)

కమల: ఆగండాగండి! ఒక్క జాకీని నమ్ముకుని దూరిపోవడమేనా?

సుబ్బారావు: గట్టి జాకీయేలే.

కమల: జాకీ ఉన్నది ఎత్తడానికి. మోయడానికి స్టాండ్లున్నాయి, ముందు అవి పెట్టండి. ఇంజను చల్లారిందా? బ్యాటరీ మైనస్ వైరు తీశారా?

సుబ్బారావు: (వైరు ఊడదీస్తూ) తీశాను తల్లీ! పావుగంట వీడియో చూశా, ఇంజనంతా కంఠతా వచ్చేసింది.

కమల: అందులో సగం ప్రకటనలే.

సుబ్బారావు: అయినా ఇంజను పొద్దున్నే కాసేపు గరగరమన్నంత మాత్రాన టైమింగ్ చైను మార్చేయాలా? నువ్వూ పొద్దున్నే అంతేగా, నీకేం మార్చాను?

కమల: నేను పళ్లు కొరుకుతానంతే. పిస్టన్లనీ, గాలి వచ్చిపోయే వాల్వులనీ ఒకే లయలో నడిపేది ఆ చైనే. అది సాగి చక్రాల పళ్లు దాటిందనుకోండి, మన ఇంజనులో పిస్టను పైకొచ్చే వేళకి వాల్వు ఇంకా తెరుచుకునే ఉంటుంది. రెండూ గుద్దుకుంటాయి. అప్పుడు గరగర ఉండదు, కారూ ఉండదు.

(చాలాసేపటి తర్వాత. చైను మీది కవరు ఊడింది. మొదటి పిస్టను గాలిని నొక్కే దశలో (కంప్రెషన్) పైకొచ్చి ఆగింది. వాల్వుల్ని తెరిచే కామ్‌షాఫ్టులు కదలకుండా లాకులు పడ్డాయి. సుబ్బారావు ముఖం మాత్రం ఎక్కడుందో ఆయిలు మధ్య వెతుక్కోవాలి.)

సుబ్బారావు: పై చక్రానికి కింది చక్రం కంటే రెట్టింపు పళ్లెందుకే?

కమల: కింద పిస్టన్లు తిప్పే క్రాంకు రెండు చుట్లు తిరిగితే పైన కామ్ ఒక్క చుట్టు తిరగాలి, అందుకు.

సుబ్బారావు: కిందున్నవాడు రెండింతలు చాకిరీ చేస్తే గానీ పైవాళ్లు ఒక్కసారి కదలరన్నమాట. అచ్చం మన ఇల్లే!

కమల: కొత్త చైను రంగు లింకుల్ని చక్రాల గుర్తులకి కలిపారా? సరే. మరి టెన్షన్ పెట్టే పిన్ను తీశారా?

సుబ్బారావు: టెన్షన్ పెట్టే పిన్నా? మీ పిన్ని ఊసు ఇప్పుడెందుకు?

కమల: టెన్షనర్ పిన్నండీ! అది లాగితేనే ప్లంజరు బయటికొచ్చి చైను బిగుస్తుంది. అలా వేలాడుతుంటే ఎలా?

సుబ్బారావు: (లాగుతూ) మీ పిన్ని కూడా ఇలా ఒక్క లాగుకి వచ్చేస్తే... సర్లే. తాళం ఇటివ్వు.

కమల: తాళం ఊసెత్తకండి! ముందు లాకులు తీసేయండి. స్పార్క్ ప్లగ్గులెలాగూ తీసే ఉన్నాయి. క్రాంకు బోల్టుకి పానా పెట్టి, ఇంజను తిరిగే వైపే రెండు చుట్లు చేత్తో తిప్పండి. మధ్యలో ఎక్కడైనా గట్టిగా తగిలితే ఆపేయాలి. మీ కండబలం చూపించారో, వాల్వు వంగుతుంది.

సుబ్బారావు: (తిప్పుతూ) ఒకటి... రెండు... అయ్యయ్యో, కొంప మునిగింది! రంగు లింకులు గుర్తుల దగ్గర లేవే!

కమల: చక్రాల గుర్తులో?

సుబ్బారావు: అవి ఉండాల్సిన చోటే ఉన్నాయి.

కమల: అయితే కొంప తేలింది. రంగు లింకులు చైను ఎక్కించేటప్పటి ఆనవాలు మాత్రమే. లింకుల లెక్క వేరు, పళ్ల లెక్క వేరు. అవి మళ్లీ గుర్తుల దగ్గర కలవాలంటే ఎన్నో చుట్లు తిరగాలి.

సుబ్బారావు: అంతేలే. మనిద్దరం ఒక్క మాట మీద కలిసి మాత్రం ఎన్నాళ్లయింది?

(కవరు పెట్టారు. కమల చదివిన లెక్క ప్రకారం సుబ్బారావు బిగువు కొలిచే టార్క్ రెంచ్‌తో బోల్టులు బిగించాడు. "చేతి అంచనా చాలు" అని రెండుసార్లు అన్నాడు, రెండుసార్లూ తిట్లు తిన్నాడు. చైనుని దారిలో ఉంచే పాత గైడు ముక్కలు కింది ఆయిలు తొట్టిలోంచి (సంపు) తీసి, ఆయిలూ ఫిల్టరూ మార్చి, సీలెంటు ఆరేదాకా కారు జోలికి పోలేదు. ప్లగ్గులు మళ్లీ బిగించి, కారు కిందకి దించారు.)

సుబ్బారావు: (తాళం తిప్పి, చెవి పెట్టి) విన్నావా? గరగర లేదు, గురగుర లేదు. ఇంజను తిరుగుతున్నట్టే లేదు. ఏం చేతులే నావి!

కమల: తిరగడం లేదు కాబట్టి. ఆ మైనస్ వైరు తగిలించి రండి.