మూడింట ఒక వంతు మనదే అనుకున్నా

"పరుగు నీకు వచ్చిందే కదా, మూడింట ఒక వంతు అయిపోయినట్టే" అని నన్ను ఎగదోసినవాళ్లలో ఒక్కరు కూడా ట్రయాథ్లాన్ చేసినవాళ్లు కారు. ఆ సంగతి రేసు అయ్యాక గానీ నాకు తట్టలేదు.

ట్రయాథ్లాన్ అంటే ఈత, సైకిల్, పరుగు ఒకదాని వెంట ఒకటి చేసే రేసు. నేను చేసింది అందులో స్ప్రింట్ అనే చిన్న దూరాల రకం. 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు. హాఫ్ మారథాన్లు నాలుగైదు చేసినవాడిని, ఆఖరి 5 కిలోమీటర్లు నాకో లెక్కా అనుకున్నాను. మూడు నెలల ప్రాక్టీసులో వారానికి నాలుగు రోజులు పరుగే. ఈత ఒక్క రోజు, అదీ వీలు కుదిరితే. రోడ్డు మీద నేను మొనగాడిని, పూల్‌లోనేమో పక్క లేన్‌లో పన్నెండేళ్ల పిల్లాడు నన్ను దాటేసి పోయేవాడు. అందుకే పూల్ ఎగ్గొట్టేవాణ్ణి. టైము లేదని ఇంట్లో చెప్పింది అబద్ధం.

పూల్‌లో కాసేపటికి ఒక గోడ వస్తుంది, పట్టుకోవచ్చు. రేసు జరిగిన సరస్సులో గోడ లేదు, దారి చూపే అడుగున నల్ల గీతా లేదు. హారన్ మోగగానే ఎవరి మడమో నా గాగుల్స్‌కి తగిలింది, ఎడమ కంట్లోకి నీళ్లు. అంతే, ఊపిరి బిగబట్టేశాను. ముఖం నీళ్లలో ఉన్నప్పుడే గాలి వదిలేయాలి, పక్కకి తిప్పినప్పుడు పీల్చడానికే టైముంటుంది. లోపలిది వదలకుండా కొత్త గాలి పీలుద్దామంటే చోటెక్కడ? తెలిసిన విషయమే, టెన్షన్‌లో ఎగిరిపోయింది. కయాక్ అనే చిన్న పడవలో ఉన్న వాలంటీర్ "కాసేపు పట్టుకోండి సార్" అన్నాడు. పట్టుకుంటే డిస్‌క్వాలిఫై చేస్తారేమోనని వద్దన్నాను. దాన్ని ఊతంగా చేసుకుని ముందుకు సాగనంత వరకు తప్పు కాదట! రూల్స్ చదవని పాపానికి ఇంకో యాభై మీటర్లు నీళ్లు మింగుతూ కొట్టుకున్నాను.

అన్నట్టు, 1974లో శాన్ డియాగోలోని మిషన్ బేలో ట్రయాథ్లాన్ పేరుతో 46 మంది చేసిన మొదటి రేసు పరుగుతోనే మొదలైంది, ఈత చివర్లో. ఇప్పుడు ఈత ముందుకొచ్చింది. అలసిపోయిన మనిషిని నీళ్లలోకి దింపడం ప్రమాదం కాబట్టి ఇదే సబబు. కాకపోతే పరుగు వీరులకి మొదటి అరగంటలోనే పరువు పోతుంది.

ఒడ్డుకొచ్చాక సైకిల్ స్టాండ్ దగ్గర ఇంకో ప్రహసనం. హెల్మెట్ పట్టీ బిగించాకే సైకిల్‌ని స్టాండ్ మీంచి తీయాలి. వేళ్లు వణికి క్లిప్పు రెండుసార్లు జారింది. తడి కాలికి మేజోడు ఎక్కించడానికి పట్టిన టైములో పక్కవాళ్లు ముగ్గురు వెళ్లిపోయారు. సైకిల్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. అరువు సైకిల్, తొక్కాను.

ఇక నా సొంతమనుకున్న పరుగు. సైకిల్ దిగగానే తొడలు కర్రల్లా బిగుసుకుపోయాయి. కాళ్లింకా పెడల్ తిప్పుతున్నట్టే అనిపిస్తోంది. అదే సమయంలో, అంతసేపు సైకిల్ వేగానికి అలవాటుపడ్డ కళ్లకి నేను నత్తలా కదులుతున్నట్టుంది. దాంతో తొందరపడి మొదటి కిలోమీటరు నా మామూలు స్పీడు కన్నా గట్టిగా లాగాను. మూడో కిలోమీటరులో నడిచాను. ఇరవై అయిదు నిమిషాల్లో అయ్యే 5 కిలోమీటర్లకి ముప్పై రెండు పట్టింది. సైకిల్ తొక్కి, దిగీ దిగగానే పరిగెత్తడాన్ని బ్రిక్ అంటారు. పది నిమిషాల పరుగైనా చాలు, వారానికోసారి చేయాల్సింది. నేను మొత్తం మీద చేసింది రెండే.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఫినిషర్ మెడల్ ఫోటో పెట్టిన దగ్గర్నుంచి తోటి రన్నర్లంతా "ఏ సైకిల్ కొనమంటావు?" అనే అడుగుతున్నారు. కార్బన్ ఫ్రేమట, ఏరో చక్రాలట. మొదటి స్ప్రింట్‌కి బ్రేకులు సరిగ్గా పడే సైకిల్ ఏదైనా సరిపోతుంది బాబూ! ఆ డబ్బుతో ఈత నేర్పే కోచ్‌ని పెట్టుకోండి. ఒక్కసారైనా పూల్ వదిలి, తోడు పెట్టుకుని బయటి నీళ్లలో ఈదండి.

"ఆగకుండా 400 మీటర్లు ఈదగలవా?" అని ఎదురు అడుగుతున్నాను. ఇప్పటికి అడిగిన ముగ్గురిలో ఇద్దరు మళ్లీ చక్రాల దగ్గరికే వచ్చారు.